యుద్ధం ఏ రోజున ముగిసింది? ఆధునిక యుద్ధ, శాంతి చరిత్రను పీజీలో చదవడమంటే

రెండో ప్రపంచ యుద్ధం ఎప్పుడు ముగిసింది అని అడిగితే ఎవరైనా తడుముకోకుండా 1945 అంటారు. ఆధునిక యుద్ధ, శాంతి చరిత్రలో పోస్ట్ గ్రాడ్యుయేషన్‌కు చేరిన విద్యార్థి మాత్రం ‘ఎవరికి?’ అని ఎదురు ప్రశ్న వేయడం నేర్చుకోవాలి. ఐరోపాలో జర్మనీ లొంగుబాటు అమల్లోకి వచ్చింది 1945 మే 8న; మాస్కో లెక్కలో మే 9న. టోక్యో అఖాతంలో అమెరికా యుద్ధనౌక మీద జపాన్ ప్రతినిధులు సంతకాలు చేసింది సెప్టెంబరు 2న. అయినా చట్టం దృష్టిలో జపాన్‌తో యుద్ధ స్థితి అప్పటికి ముగియలేదు. 1951 సెప్టెంబరు 8న శాన్‌ఫ్రాన్సిస్కోలో సంతకాలైన శాంతి ఒప్పందం 1952 ఏప్రిల్ 28న అమల్లోకి వచ్చాకే అది తీరింది. ఆ సదస్సుకు వెళ్లని భారత్ 1952 జూన్ 9న జపాన్‌తో విడిగా సంధి చేసుకుంది. సోవియట్ యూనియన్, జపాన్ 1956లో ఉమ్మడి ప్రకటనతో యుద్ధ స్థితికి తెరదించాయి కానీ, రష్యా, జపాన్‌ల మధ్య శాంతి ఒప్పందం నేటికీ లేదు. జర్మనీ విషయంలోనైతే నాలుగు విజేత దేశాలు తమ ప్రత్యేక హక్కులను వదులుకుంటూ మాస్కోలో తుది ఒడంబడికపై సంతకం చేసేసరికి 1990 సెప్టెంబరు వచ్చింది.

ఆరంభమూ ఇంతే చిక్కు. పోలండ్‌పై జర్మనీ దాడి చేసిన 1939 సెప్టెంబరు 1 ఐరోపాకు తొలిరోజు. చైనాకు అది 1937 జులై 7, బీజింగ్ శివార్లలో మార్కోపోలో వంతెన దగ్గర కాల్పులు జరిగిన రాత్రి. మంచూరియాను జపాన్ ఆక్రమించడం మొదలుపెట్టిన 1931 సెప్టెంబరు 18 నుంచే లెక్కపెట్టాలన్న వాదన చైనాలో చాలాకాలంగా ఉంది. 2017 నుంచి అక్కడి పాఠ్యపుస్తకాలు అధికారికంగా ఆ పద్నాలుగేళ్ల లెక్కనే పాటిస్తున్నాయి.

మొదటి ప్రపంచ యుద్ధానిదీ అదే కథ. 1918 నవంబరు 11 ఉదయం 11 గంటలకు పశ్చిమ రంగంలో కాల్పులు ఆగాయి. ఒట్టోమన్ సామ్రాజ్యపు శిథిలాల మీద పోరు మాత్రం 1922 దాకా సాగింది; సంధి కుదిరింది 1923 జులైలో లొసాన్ ఒప్పందంతోనే. ఆ సంధిలో భాగంగా గ్రీస్, టర్కీల మధ్య జరిగిన జనాభా మార్పిడిలో సుమారు 12 లక్షల మంది ఆర్థడాక్స్ క్రైస్తవులు, దాదాపు 4 లక్షల మంది ముస్లింలు పుట్టిన నేలను వదులుకోవాల్సి వచ్చింది. ఆ కుటుంబాలకు ‘శాంతి’ వచ్చిన రూపం అది. ఇక డబ్బు లెక్కకు వస్తే, నష్టపరిహారం చెల్లింపుల కోసం రెండు యుద్ధాల మధ్య కాలంలో తెచ్చిన అప్పుపై చివరి బాకీని జర్మనీ 2010 అక్టోబరు 3న తీర్చింది.

ఈ చదువు సారమంతా నాకు ఇక్కడే కనిపిస్తుంది. యుద్ధానికి ఒక తేదీ వేయడమంటే ఎవరి అనుభవాన్ని చరిత్రగా లెక్కిస్తున్నామో తేల్చడం. డిగ్రీలో తేదీలు మనకు ఇస్తారు. పీజీలో ఆ తేదీ ఎవరు వేశారు, ఏ కాగితం ఆధారంగా వేశారు, ఆ కాగితాన్ని ఎవరు భద్రపరిచారు అని అడగడం నేర్పుతారు. శాంతి కూడా దానంతట అది వచ్చి కూర్చునేది కాదనీ, బేరసారాలతో, ఒత్తిళ్లతో, అలసటతో, కొన్నిసార్లు అన్యాయంతో తయారయ్యేదనీ, దానికీ యుద్ధానికి ఉన్నంత చరిత్ర ఉందనీ అప్పుడు తెలుస్తుంది. పోరాటాల కథల మీద మోజుతో ఈ చదువుకు వచ్చినవారు మొదటి సెమిస్టర్లో కాస్త నిరాశపడతారు. ఆ నిరాశను దాటినవారికి ఇంతకన్నా విలువైన చదువు చరిత్ర విభాగంలో మరొకటి లేదని నా గట్టి నమ్మకం.

రెండు వంశాలు కలిసిన శాస్త్రం

యుద్ధాన్ని, శాంతిని ఒకే కోర్సులో కలిపి చెప్పడం పాత సంప్రదాయం కాదు. రెండూ వేర్వేరు చోట్ల పుట్టి, చాలాకాలం ఒకదాన్నొకటి అనుమానంగా చూసుకున్నాయి.

సైనిక చరిత్ర పుట్టింది సైన్యాల కోసం. 19వ శతాబ్దంలో జర్మన్ రాజ్యమైన ప్రష్యా జనరల్ స్టాఫ్, అంటే సైన్యపు ప్రణాళికా కేంద్రం, తన అధికారులకు శిక్షణ ఇవ్వడానికి గత యుద్ధాలను రాయించింది. ఆ రాతల్లో ఓటమికి కారణం వెతికేవారు తప్ప యుద్ధానికి కారణం వెతికేవారు తక్కువ. బెర్లిన్‌లో హాన్స్ డెల్‌బ్రూక్ అనే ఆచార్యుడు ఈ రంగంలోకి విశ్వవిద్యాలయపు పద్ధతిని తెచ్చాడు. ఆయన చేసిన ఒక లెక్కను ఈనాటికీ తరగతిలో చెబుతారు. గ్రీస్ మీదికి దండెత్తిన పారశీక చక్రవర్తి జెర్‌సీస్ వెంట లక్షల మంది సైన్యం వచ్చిందని ప్రాచీన గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. తన కాలపు జర్మన్ సైన్యం రోడ్డు మీద నడిచేటప్పుడు ఎంత పొడవు ఆక్రమిస్తుందో డెల్‌బ్రూక్‌కు తెలుసు. ఆ కొలతను పారశీక సేనకు వర్తింపజేసి చూస్తే, ముందు వరస థర్మాపిలే కనుమకు చేరేసరికి చివరి వరస టైగ్రిస్ నదికి అవతల సూసా నగరం కూడా దాటి ఉండదని తేలింది. పుస్తకంలో ఉన్న అంకెను నేల మీద పరిచి చూడటం అనే ఈ అలవాటు ఆధునిక యుద్ధ చరిత్రకు పునాదుల్లో ఒకటి. ఆయనను జనరల్ స్టాఫ్ అధికారులు ఏమాత్రం ఇష్టపడలేదు. సైనికుడు కానివాడికి యుద్ధం గురించి ఏం తెలుసన్నది వారి అభ్యంతరం.

ఆక్స్‌ఫర్డ్‌లో సైనిక చరిత్రకు ఆచార్య పీఠం 1909లో వచ్చింది. అదే పీఠం తర్వాత ‘యుద్ధ చరిత్ర’ పీఠంగా మారింది. ఆ మార్పు వెనుక ఆలోచన మారడమే ఉంది: సైన్యాల కదలికల నుంచి, యుద్ధం సమాజాన్నీ, ఆర్థిక వ్యవస్థనూ, రాజ్యాన్నీ ఎలా మార్చిందన్న ప్రశ్నలకు దృష్టి మళ్లింది. లండన్ కింగ్స్ కాలేజీలో మైకేల్ హోవర్డ్ 1960ల ఆరంభంలో యుద్ధ అధ్యయన విభాగాన్ని నిలబెట్టింది ఈ దారిలోనే.

శాంతి వంశానిది వేరే దుఃఖం. 1915 ఏప్రిల్‌లో, మొదటి ప్రపంచ యుద్ధం ఉధృతంగా ఉన్నప్పుడే, పోరాడుతున్న దేశాల నుంచీ తటస్థ దేశాల నుంచీ వెయ్యి మందికి పైగా మహిళలు హేగ్ నగరంలో సమావేశమయ్యారు. అమెరికా సంఘ సేవకురాలు జేన్ ఆడమ్స్ అధ్యక్షత వహించారు. యుద్ధాన్ని ఆపడానికి మధ్యవర్తిత్వం కావాలని తీర్మానించి, ప్రతినిధి బృందాలుగా ఏర్పడి రాజధానుల చుట్టూ తిరిగారు. దశాబ్దాల పాటు ఈ ఘట్టం సైనిక చరిత్రల్లో అడుగున చిన్న అక్షరాల్లో కూడా కనిపించేది కాదు. యుద్ధం ముగిశాక 1919లో వేల్స్‌లోని అబెరిస్‌ట్విత్‌లో అంతర్జాతీయ రాజకీయాలకు తొలి ఆచార్య పీఠం ఏర్పడింది. 1959లో ఓస్లోలో యోహాన్ గాల్టుంగ్ శాంతి పరిశోధన సంస్థను ప్రారంభించారు. తుపాకులు మోగకపోవడం ఒక్కటే శాంతి అయితే అది సగం శాంతేననీ, జనాన్ని ఆకలితో, వివక్షతో చంపే వ్యవస్థ కూడా హింసేననీ ఆయన వాదించారు. 1973లో బ్రాడ్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో శాంతి అధ్యయన విభాగం వచ్చింది.

శాంతి పరిశోధకులు అమాయకులని యుద్ధ చరిత్రకారులూ, యుద్ధ చరిత్రకారులు ఆయుధాల మోజులో పడ్డారని శాంతి పరిశోధకులూ చాలాకాలం అనుకున్నారు. ఇద్దరి మాటలోనూ కొంత నిజం లేకపోలేదు. ఇప్పటి పీజీ కోర్సులు ఈ రెండు సంప్రదాయాలనూ ఒక బల్ల దగ్గర కూర్చోబెడుతున్నాయి. ఇది సరైన పని. ఎలా పోరాడారో తెలియకుండా ఎలా రాజీపడ్డారో అర్థం కాదు. ఆ మాట తిరగేసినా అంతే నిజం.

పత్రాలను దిద్దినవారు, దాచినవారు

విద్యార్థి తొలి ఏడాది ఎక్కువ సమయం గడిపేది మూల పత్రాలతో. వాటిని ఎలా నమ్మకూడదో నేర్పడానికి, ఆస్ట్రియా యువరాజు హత్య తర్వాత మొదటి ప్రపంచ యుద్ధానికి దారితీసిన 1914 జులై సంక్షోభాన్ని మించిన ఉదాహరణ దొరకదు.

యుద్ధం మొదలైన కొద్ది వారాల నుంచే ప్రభుత్వాలు తమ తప్పేమీ లేదని చూపడానికి దౌత్య పత్రాల సంపుటాలను అచ్చువేశాయి. జర్మనీది శ్వేత గ్రంథం, బ్రిటన్‌ది నీలి గ్రంథం, రష్యాది నారింజ గ్రంథం, ఫ్రాన్స్‌ది పసుపు గ్రంథం. రష్యా పూర్తి సైనిక సమీకరణకు దిగిందని సెయింట్ పీటర్స్‌బర్గ్ నుంచి ఫ్రెంచి రాయబారి పంపిన పొట్టి టెలిగ్రాం పసుపు గ్రంథంలో సాగి పెద్దదైంది. ఆస్ట్రియా ముందుగా సమీకరణ చేసినందువల్లే రష్యా అలా చేసిందన్న అర్థం అందులో కొత్తగా చేరింది. ఏ దేశం ముందు కదిలిందన్నదే నేరం ఎవరిదో తేల్చే ప్రశ్నగా ఉన్న రోజుల్లో ఆ రెండు వాక్యాల విలువ ఇంతా అంతా కాదు.

జర్మనీలో విప్లవం వచ్చాక సోషలిస్టు నాయకుడు కార్ల్ కౌట్‌స్కీ విదేశాంగ శాఖ ఫైళ్లను తిరగేసి సంకలనం చేశారు. ఆ పత్రాలు 1919 చివరకు బయటికొచ్చాయి. అంచుల్లో చక్రవర్తి రెండో విల్‌హెల్మ్ పెన్సిలు రాతలూ వాటితో పాటే వచ్చాయి. 1914 జులై 28 ఉదయం, ఆస్ట్రియా తుది హెచ్చరికకు సెర్బియా ఇచ్చిన జవాబును చదివి, ఇక యుద్ధానికి కారణమే లేకుండా పోయిందని ఆయన రాసుకున్నాడు. సెర్బియాపై ఆస్ట్రియా యుద్ధం ప్రకటించింది కూడా అదే రోజున. ఆ రాత చూసి ‘పాపం, చక్రవర్తి శాంతినే కోరాడు’ అనుకోవచ్చు. అదే జులై 5న ఆస్ట్రియాకు షరతుల్లేని మద్దతు ఇచ్చింది కూడా ఆయనేనని పక్కనే పెట్టి చదివితే బొమ్మ మారిపోతుంది. ఒక పత్రాన్ని ఒంటరిగా చదవకూడదని విద్యార్థికి వేరే చెప్పనక్కర్లేదు.

ఆ తర్వాత జర్మన్ విదేశాంగ శాఖ యుద్ధానికి కారణం తామేనన్న ఆరోపణను కడిగేసుకోవడానికే 40 సంపుటాల పత్రాలను ప్రచురించింది. 1871 నుంచి మొదలుపెట్టడం వల్ల 1914 నిందంతా అర్ధశతాబ్దపు ఐరోపా వ్యవస్థ మీదికి పలచగా పరుచుకుంది. పత్రాలు చాలా మటుకు అసలువే; ఎంపికలోనే వాదన ఉంది. 1961లో హాంబుర్గ్ చరిత్రకారుడు ఫ్రిట్జ్ ఫిషర్, 1914 సెప్టెంబరులో జర్మన్ చాన్సలర్ తయారు చేయించిన యుద్ధ లక్ష్యాల పత్రాన్ని ముందుకు తెచ్చి, జర్మనీ బాధ్యత అందరికంటే ఎక్కువని వాదించారు. ఆ దేశమంతా అట్టుడికింది. 1964లో ఆయన అమెరికా ఉపన్యాస యాత్రకు ప్రభుత్వం డబ్బు ఆపేసింది. అమెరికా చరిత్రకారులు వేరే చోట నుంచి సమకూర్చి ఆయనను పిలిపించుకున్నారు. యాభై ఏళ్ల నాటి పత్రం మీద ఒక ప్రభుత్వం అంతగా భయపడిందంటే ఆ చరిత్ర ఇంకా ముగియలేదన్నమాట.

క్యూబాలో సోవియట్ క్షిపణుల విషయమై అమెరికా, సోవియట్ యూనియన్ అణుయుద్ధం అంచుకు వెళ్లిన క్యూబా క్షిపణుల సంక్షోభంలో దిద్దుబాటు మరింత దగ్గరివాళ్ల చేతుల్లో జరిగింది. 1962 అక్టోబరు 27 రాత్రి అమెరికా అధ్యక్షుడు జాన్ కెన్నడీ తమ్ముడు రాబర్ట్ కెన్నడీ సోవియట్ రాయబారి దోబ్రినిన్‌ను కలిశారు. టర్కీలోని అమెరికా క్షిపణులను తీసేస్తామన్న రహస్య హామీ అక్కడే ఇచ్చారు. రాబర్ట్ కెన్నడీ మరణం తర్వాత 1969లో వెలువడిన ఆయన పుస్తకంలో ఆ బేరం స్పష్టంగా లేదు. ఆ రాతప్రతిని సవరించింది తానేననీ, డైరీల్లో బేరం సంగతి స్పష్టంగానే ఉందనీ, తానే తీసేశాననీ 1989లో మాస్కో సదస్సులో కెన్నడీ సలహాదారు థియొడోర్ సోరెన్సెన్ ఒప్పుకున్నారు. మధ్యలో ఇరవై ఏళ్ల పాటు, ఏమాత్రం తగ్గకపోతే ప్రత్యర్థి వెనకడుగు వేస్తాడన్న పాఠాన్ని ప్రపంచం ఈ సంక్షోభం నుంచి నేర్చుకుంది. ఆ పాఠాన్ని నమ్మి తీసుకున్న నిర్ణయాల ఖరీదును ఎవరు లెక్కిస్తారు?

అయితే దిద్దిన పత్రం కనీసం కంటికి కనిపిస్తుంది. దాచిన పత్రానికి అదీ లేదు. కెన్యాలో 1952లో మొదలైన మౌ మౌ తిరుగుబాటును బ్రిటన్ అణచివేసిన తీరు దీనికి నిదర్శనం. నిర్బంధ శిబిరాల్లో తమను హింసించారని వృద్ధ కెన్యన్లు 2009లో లండన్ హైకోర్టులో దావా వేశారు. చరిత్రకారులు నిపుణ సాక్షులుగా వచ్చారు. నైరోబీ నుంచి లండన్‌కు ఎన్ని పెట్టెలు తరలాయో, వాటిలో ఎన్ని ఎక్కడా జాబితాకెక్కలేదో ఆరా తీసేసరికి, 2011లో విదేశాంగ శాఖ ఒప్పుకోక తప్పలేదు. హాన్‌స్లోప్ పార్క్ అనే భద్రతా ప్రాంగణంలో 37 పూర్వ వలసలకు చెందిన సుమారు 8,800 ఫైళ్లు ఉన్నాయి. వలసలకు స్వాతంత్ర్యం ఇచ్చేటప్పుడు, బ్రిటన్‌కు ఇబ్బంది కలిగించే కాగితాలు కొత్త ప్రభుత్వాల చేతికి చిక్కకూడదని 1961లోనే లండన్ ఆదేశాలిచ్చింది. కొన్ని తగలబెట్టారు, కొన్ని ఓడలెక్కించారు. 2013 జూన్‌లో బ్రిటిష్ ప్రభుత్వం విచారం ప్రకటించి, 5,228 మంది బాధితులకు పరిహారం, ఖర్చుల కింద 1.99 కోట్ల పౌండ్లు చెల్లించడానికి అంగీకరించింది.

ఒక ఫైలు నంబరు తర్వాత ఇంకో నంబరు ఎందుకు లేదు అని అడగడం ఎంత శక్తిమంతమైన ప్రశ్నో ఈ కేసు చూపింది. ఆర్కైవ్స్‌లో కూర్చునే విద్యార్థి పెట్టెలో ఉన్నదాన్ని చదవడంతో పాటు, పెట్టెలో ఏం ఉండాల్సిందో ఊహించడం కూడా నేర్చుకోవాలి.

మృతుల లెక్క

యుద్ధ చరిత్రలో అన్నిటికంటే ఎక్కువగా అబద్ధమాడేది మృతుల సంఖ్య. 1945 ఫిబ్రవరి 13 నుంచి 15 వరకు బ్రిటిష్, అమెరికన్ విమానాలు డ్రెస్డెన్ నగరాన్ని బాంబులతో కాల్చేశాయి. ఎంతమంది చనిపోయారు? నాజీ ప్రచార శాఖ 2 లక్షలంది. స్థానిక పోలీసు ఉత్తర్వు నకలుగా చలామణి అయిన ఒక కాగితంలో 2,02,040 అనే అంకె ఉంది. అసలు ఉత్తర్వు దొరికాక చూస్తే అందులో ఉన్నది 20,204. ఎవరో చివర ఒక సున్నా చేర్చారు. ఆ సున్నా దశాబ్దాల పాటు రాజకీయం నడిపింది.

2004లో నగరపాలక సంస్థ చరిత్రకారుల సంఘాన్ని నియమించింది. వాళ్లు శ్మశానాల రికార్డులు, మరణ ధ్రువీకరణలు, తప్పిపోయినవారి కోసం కుటుంబాలు పెట్టుకున్న దరఖాస్తులు, శరణార్థుల కదలికలు అన్నీ పేరుపేరునా సరిచూశారు. వేలాది శవాలు ఆనవాలు లేకుండా బూడిదైపోయాయన్న వాదనను పరీక్షించడానికి తవ్వకాల్లో బయటపడిన నేలమాళిగల్లోని ఆధారాలనూ చూశారు. 2010లో ఇచ్చిన తుది నివేదిక ప్రకారం మృతులు గరిష్ఠంగా 25,000. సంఖ్య తగ్గినందుకు కొందరికి కోపం వచ్చింది. 25,000 మంది చనిపోవడాన్ని చిన్న విషయంగా ఎవరూ చూడలేదు. మృతుల పేర్లు వెతికి రాయడం వాళ్లకు చూపగల అతి పెద్ద గౌరవమని నేను అనుకుంటాను. రాజకీయం కోసం పెంచిన అంకెలో ఏ ఒక్క మనిషీ ఉండడు.

ఇంకో చిక్కు: ఏ చావు యుద్ధపు చావు? 1963లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ సింగర్ మొదలుపెట్టిన గణాంక ప్రాజెక్టు వెయ్యి మంది పోరులో చనిపోతేనే యుద్ధం అంటుంది. స్వీడన్‌లోని ఉప్సాలా విశ్వవిద్యాలయం ఏడాదికి 25 మంది చనిపోతే సాయుధ సంఘర్షణగా నమోదు చేస్తుంది. ఏ కొలబద్దతో చూస్తున్నామన్నదాన్ని బట్టి ప్రపంచం శాంతంగానో, రక్తసిక్తంగానో కనిపిస్తుంది. 1943 బెంగాల్ కరవులో సుమారు 30 లక్షల మంది చనిపోయారని విస్తృతంగా అంగీకరించిన అంచనా. జపాన్ చేతికి చిక్కకూడదని తీర ప్రాంతంలో పడవలనూ ధాన్యాన్నీ తొలగించిన విధానం, యుద్ధకాలపు ధరలు, ఆగిన బర్మా బియ్యం అన్నీ ఆ చావుల వెనుక ఉన్నాయి. వాళ్లెవరూ పోరులో చనిపోలేదు. పోరులో చనిపోయినవారినే లెక్కించే పట్టికల్లో వాళ్లు లేరు.

లెక్కలతో యుద్ధాన్ని అర్థం చేసుకోవాలని మొదట ప్రయత్నించినవారిలో లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్ ఒకరు. వాతావరణ శాస్త్రవేత్త. క్వేకర్ మతస్థుడు కావడంతో మొదటి ప్రపంచ యుద్ధంలో ఆయుధం పట్టకుండా ఫ్రాన్స్‌లో అంబులెన్సు నడిపాడు. బ్రిటిష్ వాతావరణ కార్యాలయం విమాన మంత్రిత్వ శాఖ కిందికి వెళ్లాక ఆ ఉద్యోగం వదిలేశాడు. తర్వాతి జీవితంలో ఎక్కువ భాగం 19, 20 శతాబ్దాల యుద్ధాలను మృతుల సంఖ్యను బట్టి వర్గీకరించడంలో గడిపాడు. ఒక హత్య దగ్గర మొదలై ప్రపంచ యుద్ధం దాకా ఒకే కొలతలో ఇమిడే పట్టిక అది. యుద్ధాలు మొదలయ్యే తీరులో కాలంతో పాటు పెరుగుదలో తరుగుదలో స్పష్టంగా కనిపించడం లేదని, దాదాపు యాదృచ్ఛిక ఘటనల్లా ఉన్నాయని ఆయన లెక్కలు చూపాయి. మానవజాతి క్రమంగా శాంతివైపు వెళ్తోందా అన్న నేటి చర్చ ఇంకా ఆయన పట్టికల చుట్టూనే తిరుగుతోంది.

పాన్‌మున్‌జోమ్‌లో రెండేళ్లు

శాంతి ఎలా తయారవుతుందో చూడాలంటే కొరియాకు వెళ్లాలి. 1950 జూన్ 25న మొదలైన యుద్ధంలో కాల్పుల విరమణ చర్చలు 1951 జులై 10న కేసాంగ్‌లో ఆరంభమై, తర్వాత పాన్‌మున్‌జోమ్‌కు మారాయి. నవంబరు 27 నాటికి రెండు సైన్యాల మధ్య రేఖ ఎక్కడ ఉండాలో తాత్కాలికంగా అంగీకారం కుదిరింది. అయినా ఒప్పందం మీద సంతకాలు పడింది 1953 జులై 27న. ఆ మధ్యకాలమంతా కొండల కోసం మనుషులు చనిపోతూనే ఉన్నారు. అడ్డుపడింది భూమి కాదు, యుద్ధ ఖైదీలు.

1951 డిసెంబరులో ఇరుపక్షాలూ ఖైదీల జాబితాలు మార్చుకున్నాయి. అమెరికా నాయకత్వంలోని ఐక్యరాజ్యసమితి కమాండ్ చేతిలో సుమారు 1,32,000 మంది ఉన్నారు. ఉత్తర కొరియా, చైనా చూపింది 11,559 మందినే. ఘర్షణ ముగిసిన వెంటనే ఖైదీలను స్వదేశాలకు పంపాలని 1949 నాటి జెనీవా ఒడంబడిక 118వ అధికరణం చెబుతోంది. కానీ ఐరాస కమాండ్ శిబిరాల్లో వేలమంది తిరిగి వెళ్లబోమంటున్నారు. వాళ్లను బలవంతంగా పంపేది లేదని అధ్యక్షుడు ట్రూమన్ పట్టుబట్టారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత సోవియట్ పౌరులను బలవంతంగా అప్పగిస్తే వాళ్లకు పట్టిన గతి అందరికీ గుర్తుంది. మరోవైపు శిబిరాల్లోనే కమ్యూనిస్టు, వ్యతిరేక ముఠాలు తోటివారిని కొట్టి, బెదిరించి ‘ఎంపిక’ చేయించిన సంగతీ రికార్డుల్లో ఉంది. 1952 మేలో కోజే ద్వీపంలోని శిబిర అధిపతి జనరల్ డాడ్‌ను ఖైదీలే బంధించారు. ఇక్కడ నైతికత ఎవరివైపు ఉంది? తిరిగి వెళ్లాలా వద్దా అని ఎంచుకునే హక్కు కోసం యుద్ధం పద్దెనిమిది నెలలు సాగితే, ఆ నెలల్లో చనిపోయినవారి హక్కు ఏమిటి? ఈ ప్రశ్నకు నాకు దొరికిన ఏ జవాబూ తృప్తినివ్వలేదు. ఈ చదువులో ఇలాంటివి చాలానే ఎదురవుతాయి.

మరి 1953లో ప్రతిష్టంభన ఎందుకు వీడింది? అమెరికా అణుబాంబు బెదిరింపే కారణమని చాలాకాలం చెప్పుకొన్నారు. మే నెలలో ఢిల్లీ వచ్చినప్పుడు నెహ్రూ ద్వారా ఆ హెచ్చరిక పంపానని విదేశాంగ మంత్రి డల్లెస్ తర్వాత చెప్పారు. అలాంటి సందేశమేదీ తాను చేరవేయలేదని నెహ్రూ అన్నారు. సోవియట్ ఆర్కైవ్స్ కొంత తెరుచుకున్నాక మరో కారణం బలపడింది. స్టాలిన్ మార్చి 5న చనిపోయాడు. రెండు వారాలు తిరక్కుండానే, మార్చి 19న, యుద్ధం ముగించే దిశగా మాస్కో కొత్త నాయకత్వం తీర్మానించింది. మే నెల బెదిరింపు కంటే మార్చి తీర్మానం ముందుది. తేదీల వరసే పాత వివరణను ఎంత బలహీనపరిచిందో చూడండి. ఆ పత్రాలు బయటికి రాకముందు రాసిన మంచి చరిత్రకారులది తప్పేమీ లేదు. వాళ్ల ముందున్న కాగితాలు ఒక వైపువే.

చివరికి జూన్ 18న దక్షిణ కొరియా అధ్యక్షుడు సింగ్‌మన్ రీ ఎవరికీ చెప్పకుండా సుమారు 27,000 మంది ఖైదీలను విడిచిపెట్టి ఒప్పందాన్ని దాదాపు కూల్చేశారు. జులై 27 ఉదయం 10 గంటలకు ఐరాస కమాండ్ ప్రతినిధి హారిసన్, ఉత్తర కొరియా ప్రతినిధి నామ్ ఇల్ మాటామంతీ లేకుండా సంతకాలు చేసి వెళ్లిపోయారు. కాల్పులు ఆగింది రాత్రి 10 గంటలకు. దక్షిణ కొరియా సంతకం చేయలేదు. శాంతి ఒప్పందం ఈనాటికీ రాలేదు.

చేరాలనుకునేవారికి

బ్రిటన్‌లో ఇలాంటి పీజీ సాధారణంగా ఏడాది. చాలా దేశాల్లో రెండేళ్లు. చరిత్ర రచనా పద్ధతులు, ఒకటి రెండు ప్రత్యేక అంశాలు, చివర డిసర్టేషన్ అన్నది మామూలు చట్రం. కోర్సు పేరు చూసి చేరవద్దు. ‘యుద్ధ అధ్యయనాలు’ అన్న పేరు కింద కొన్నిచోట్ల నేటి వ్యూహ విధానాలే ఎక్కువగా, చరిత్ర తక్కువగా ఉంటుంది. ‘శాంతి అధ్యయనాలు’ కింద మధ్యవర్తిత్వ శిక్షణ ఉండవచ్చు. పాఠ్యాంశాల జాబితాలో మూల పత్రాలతో పని ఎంత ఉందో, మార్గదర్శనం చేసే ఆచార్యులు ఏ ఆర్కైవ్స్‌లో పనిచేశారో చూడండి.

భాష గురించి ఎవరూ ముందే గట్టిగా చెప్పరు. ఇంగ్లిష్ ఒక్కటే వస్తే ఎక్కువగా అమెరికా, బ్రిటన్ కాగితాలే అందుతాయి. ఆ దేశాలు పత్రాలను కాలపరిమితి పెట్టి విడుదల చేస్తాయి. బ్రిటన్ తన 30 ఏళ్ల నియమాన్ని 20 ఏళ్లకు తగ్గిస్తూ వచ్చింది. తలుపులు తెరిచినవాడి కాగితాలే ఎక్కువ చదువుతాం కాబట్టి, అతడి కళ్లతోనే యుద్ధాన్ని చూస్తాం. రష్యనో, చైనీసో, అరబిక్కో చదవగలిగే స్థాయికి తెచ్చుకున్న విద్యార్థి పదిమంది కంటే ముందుంటాడు.

మనసు మీద పడే బరువు సంగతీ ఉంది. ఊచకోతల సాక్ష్యాలు, శిబిరాల ఫొటోలు నెలల తరబడి చదవడం తేలిక కాదు. బతికి బయటపడినవారిని ఇంటర్వ్యూ చేయాలనుకుంటే విశ్వవిద్యాలయపు నైతిక కమిటీ అనుమతి తప్పనిసరి. ఆ ఫారాలను ప్రతిబంధకమని విసుక్కోకండి. ఎవరి గాయాన్ని ఎందుకు కెలుకుతున్నామో రాతపూర్వకంగా చెప్పగలగడం పరిశోధకుడి బాధ్యత.

ఇక డిసర్టేషన్ ప్రశ్న. ‘కొరియా యుద్ధం ఎందుకు అంతకాలం సాగింది’ అన్నది జీవితకాలం సరిపోని ప్రశ్న. కాల్పుల విరమణ తర్వాత భారత జనరల్ తిమ్మయ్య అధ్యక్షతన తటస్థ దేశాల కమిషన్, తిరిగి వెళ్లబోమన్న ఖైదీలకు వివరణలు ఇప్పించే ఏర్పాటు చేసింది. ఆ సమావేశాలు ఎలా నడిచాయి, కమిషన్ సభ్యదేశాలు ఎక్కడ విభేదించాయి అని అడిగితే అది ఏడాదిలో పట్టుకోగలిగిన ప్రశ్న. కమిషన్ నివేదికలు ఐరాస పత్రాల్లో ఉన్నాయి. కాపలాగా వెళ్లిన భారత సైనికాధికారుల రాతలు ఉన్నాయి. తైవాన్‌కు వెళ్లిన చైనా ఖైదీల, స్వదేశానికి తిరిగి రాకుండా చైనాకు వెళ్లిన 21 మంది అమెరికన్ ఖైదీల కథనాలు ఉన్నాయి. వీటిలో మీ భాషకు, మీకున్న నెలలకు అందేవి రెండు ఎంచుకుని, అవి ఒకదానితో ఒకటి ఎక్కడ పొసగడం లేదో ముందు ఒక పేజీలో రాసి చూడండి. ఆ పేజీ రాయగలిగితే ప్రతిపాదన సగం సిద్ధమైనట్టే. రాయలేకపోతే, మార్గదర్శిని కలిసేలోపే ప్రశ్న మార్చుకోండి.